పిన్ని మాటకు నా హిందీ

విశాఖలో మేముంటున్న అపార్ట్‌మెంట్ కింది అంతస్తులోకి ఈమధ్య ఒక బీహారీ కుటుంబం దిగింది. వాళ్ళు ఆవనూనె పొగలొచ్చేదాకా కాచినప్పుడల్లా ఆ ఘాటు మెట్లెక్కి మా తలుపు సందులోంచి లోపలికి వస్తుంది. మా ఆవిడ ముక్కు మూసుకుని కిటికీలు తెరుస్తుంది. నేను మాత్రం కుర్చీలోంచి లేవను. ఆ వాసన నాకు వంటింటిది కాదు. జంషెడ్‌పూర్‌లో డిసెంబరు పొద్దున్నే, మంచు ఆరని మైదానం గట్టు మీద వరసగా కూచుని పిక్కలకు నూనె రుద్దుకునే పిల్లల కాళ్ళది.

తొంభైల నడిమి సంవత్సరాలవి. ఆ ఊళ్ళో సీతారాండేరా అనే పేటలో మా వీధి పొడవునా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళే ఉండేవారు. మగవాళ్ళు కార్ఖానాలోనో కాంట్రాక్టు పనుల్లోనో షిఫ్టుల ప్రకారం బతికేవారు. ఇళ్ళన్నీ సైరన్ మోతను బట్టి నడిచేవి. ఎండాకాలం వడగాడ్పుకి ఊరంతా తలుపులు బిగించుకుంటే మేం గోడ నీడన గోళీలాడేవాళ్ళం. వానలు పడితే ఖర్కాయి నది ఒడ్డున బురదలో బంతి తన్ని, ఎవరి పిల్లలు ఎవరో తల్లులకే తెలియనంత ఎర్రగా ఇళ్ళకు చేరేవాళ్ళం. దసరా పందిళ్ళ దగ్గర ఖిచిడీ ప్రసాదానికి రెండుసార్లు వరసలో నిలబడి, మూడోసారి చొక్కాలు మార్చుకుని వెళ్ళేవాళ్ళం.

పక్కింటి పైడమ్మ పిన్ని కొడుకు సింహాద్రి నాకన్నా రెండు నెలలు చిన్న. వాడిది ఎడమకాలి వాటం. వాళ్ళ నానమ్మ బతికున్నన్నాళ్ళూ గుమ్మం దగ్గర కాపలా కాసి, "కుడికాలు పెట్టరా గుంటడా!" అని వాణ్ణి వెనక్కి పంపి మళ్ళీ లోపలికి రానిచ్చేది. మైదానంలో ఆ ఎడమకాలే గీత పక్కనుంచి బంతిని దారం కట్టి లాక్కెళ్తున్నట్టు తీసుకుపోయేది. నేను నడుమ ఆడి బంతులు అందించేవాణ్ణి, వాడు గోల్సు కొట్టేవాడు. ఆట అయ్యాక పిన్ని మా ఇద్దరికీ చోడి అంబలి పోసి, పచ్చి ఉల్లిపాయ చేతిలో పెట్టేది. ఎండుచేప కాల్చిన రోజున ముళ్ళు తీసి మొదటి ముక్క నాకే ఇచ్చేది.

"నీ కొడుకుని నేనా, బాబ్జీనా?" అని వాడు ఉడుక్కునేవాడు.

"నువ్వెలాగూ నా కాడే పడుంతావు. ఆడు పరాయింటోడు, ముందు తిన్నీ" అనేది పిన్ని.

పిన్నికి హిందీ రాదు. కూరల బేరానికి, కుళాయి దగ్గర పోట్లాటకు సరిపడా ఓ పది మాటలు తెలుసు, అంతే. మా నాన్న ఆఫీసులో గుమస్తా కావడంతో నన్ను మంచి బడిలో వేశారు. హిందీ నా నాలుక మీద ఆడేది. అందుకని రేషను దుకాణం దగ్గరా, ఆస్పత్రిలో డాక్టరు ముందూ మా వీధి ఆడవాళ్ళందరికీ నేనే దుబాసీని. "బాబ్జీ నోటెంట వత్తే నా మాట కూడా గొప్పగుంతాది" అని పిన్ని మురిసిపోయేది. పెద్దవాళ్ళ మాటలు నా నోట్లోంచి వెళ్తేనే అవతలివాళ్ళకు చేరతాయన్న గర్వం నాకు పదేళ్ళకే ఎక్కింది.

మేం తొమ్మిదో తరగతిలో ఉన్న చలికాలంలో, దేశం తరఫున ఆడే పదహారేళ్ళలోపు ఫుట్‌బాల్ జట్టు క్యాంపుకు పిల్లల్ని ఎంచడానికి ఒక కోచ్ వచ్చారు. తల నెరిసిన మనిషి, ఒకప్పటి ఆటగాడు, ఈలైనా గట్టిగా ఊదేవారు కాదు. మూడు రోజుల ట్రయల్స్‌లో నేను ఒళ్ళు దాచుకోకుండా ఆడాను. మూడో సాయంత్రం ఆయన సింహాద్రి భుజం మీద చెయ్యేసి ఇల్లెక్కడని అడిగారు. నా వైపు తిరిగి, ఎంతో ఆప్యాయంగానే, "నువ్వు బాగా చదువుకో బేటా" అన్నారు. ఆ ఆప్యాయత నన్ను కాల్చింది.

మర్నాడు మధ్యాహ్నం ఆయన మా వీధికి వచ్చారు. బాబాయి, అంటే సింహాద్రి నాన్న, డ్యూటీలో ఉన్నాడు. పిన్ని గాభరాపడి కుర్చీ తుడిచి వేసి, సింహాద్రిని జిలేబీ తెమ్మని తరిమి, నన్ను కేకేసింది. నేను ఇద్దరి మధ్యా నిలబడ్డాను.

"ఏటంతన్నాడ్రా బాబ్జీ?"

క్యాంపు చాలా నెలలుంటుందనీ, బాగా ఆడితే విదేశాల్లో ఆడిస్తారనీ, చదువు కూడా అక్కడే చెబుతారనీ చెప్పాను. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆలోచించింది.

"అన్నం ఎడతారా, రొట్టెలేనా? రొట్టెలు తింటే ఆడికి కడుపునొప్పని సెప్పు."

చెప్పాను. "చావల్ భీ మిలేగా, మా జీ" అని ఆయన నవ్వారు, అన్నమూ పెడతారని.

"ఈడు ఎడంకాలోడు మరి. పరవాలేదా? మళ్ళీ అక్కడికెల్లేక వంక ఎట్టకూడదు."

అదీ చెప్పాను. అలాంటి ఎడమకాలు కోసమే ఊళ్ళు తిరుగుతున్నానని ఆయన అన్నారు. పిన్ని మొహం విచ్చుకుంది. తర్వాత ఆయన అసలు సంగతికి వచ్చారు. తను ఆ సాయంత్రమే వేరే ఊరు వెళ్ళాలి. ఇంట్లో ఒప్పుకుంటే పేరు రాసిచ్చి పోతారు. పిల్లాణ్ణి రేపు పొద్దున్న మైదానం దగ్గర వ్యాను ఎక్కిస్తే చాలు. అదంతా పిన్నికి తెలుగులో చెప్పాను.

"పంపుతాననే సెప్పు నాయనా. ఆల్ల నాన్నొచ్చేక ఓ మాట సెప్పి, రేప్పొద్దున్నే నానే తెచ్చి అప్పజెప్తాను. పేరు రాసుకోమను."

నేను ఆయన వైపు తిరిగి, "ఇస్‌కే పాపా నే మనా కర్ దియా హై" అన్నాను. వీడి నాన్న వద్దన్నాడని.

పిన్నికి వచ్చిన పది మాటల్లో 'నహీ' ఒకటి. అందుకే ఆ మాట నేను వాడలేదు. అప్పటికి నాకు పద్నాలుగేళ్ళు. అంత జాగ్రత్త నాకెలా తోచిందో ఈనాటికీ తెలియదు. వాడు వెళ్ళిపోతే ఒంటరినైపోతానన్న బెంగ వల్లే అలా అన్నానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. బెంగా ఉంది. కానీ ఆ మాట అనిపించింది బెంగ కాదు, అసూయ.

ఆయన టీ గ్లాసు కింద పెట్టి, పిన్నికి నమస్కారం చేసి, వెళ్ళిపోయారు. పిన్ని కూడా నవ్వుతూ దణ్ణం పెట్టింది. కాసేపటికి సింహాద్రి జిలేబీ పొట్లంతో రొప్పుతూ వచ్చాడు. "సార్ ఎల్లిపోయేరా? అయితే మనమే తినీడం" అన్నాడు. నేనూ తిన్నాను.

మర్నాడు పొద్దున్నే వాళ్ళు రేకు పెట్టెతో, డబ్బా నిండా చేగోడీలతో మైదానానికి వెళ్ళారు. నన్నూ తీసుకెళ్ళారు. జాబితా పట్టుకున్న మనిషి రెండుసార్లు చూసి, పేరు లేదన్నాడు. ఇంట్లో ఒప్పుకోలేదని సార్ కొట్టేశారట, ఆ చోట పక్క ఊరు గమ్హరియా పిల్లాడి పేరు రాశారట. బాబాయి ఎంత బతిమాలినా లాభం లేకపోయింది. వ్యాను కదిలాక ఆయన పిన్ని మీద విరుచుకుపడ్డాడు.

"మొగుణ్ణి అడిగి సెప్తానన్నావా? ఆలు మన కోసం ఆగుతారేటి?"

పిన్ని నా మొహం చూసింది. "నువ్వు సరిగ్గానే సెప్పేవు కదా నాయనా?"

"చెప్పేను పిన్నీ."

ఆమె వెంటనే నమ్మేసింది. అందరి ముందూ తన నోటి మీద తనే కొట్టుకుంది. సింహాద్రి వారం రోజులు తల్లి చేతి అన్నం ముట్టలేదు, మా ఇంట్లో తిన్నాడు. కొన్ని నెలల తర్వాత హిందీ పేపర్లో ఆ జట్టు ఫోటో పడితే వాడు చాలాసేపు చూసి, "మంచి ఆటగాడేరా ఈ గమ్హరియావోడు. నాకంటే కొంచెం నెమ్మది, అంతే" అని నా చేతికిచ్చాడు. మళ్ళీ అలాంటి ఎంపికలు జరిగేసరికి వాడికి వయసు దాటిపోయింది. తర్వాత గమ్హరియాలోనే ఒక చిన్న ఫ్యాక్టరీలో కుదురుకున్నాడు. నేను బంతి ముట్టుకోవడం మానేశాను. చదువుకున్నాను, ఉద్యోగం వచ్చింది, ఊరు విడిచాను.

పోయిన చలికాలం ఒక పెళ్ళికని వెళ్ళాను. మేం ఆడిన మైదానం చుట్టూ గోడ లేచింది. వీధిలో అంబలి కాచే ఇల్లు లేదు. తెలుగులో అడిగితే పిల్లలు అర్థం కాక హిందీలో ఎదురడుగుతున్నారు. సింహాద్రి కొడుక్కి పన్నెండేళ్ళు. వాడూ ఎడమకాలివాడే, ఏదో ట్రయల్స్‌కి కాగితాలు నింపుతున్నాడు. "దాదీని అడగొద్దు, అప్పుడు పాపానీ ఆవిడే వెళ్ళనివ్వలేదు" అని నాతో హిందీలో నవ్వుతూ అన్నాడు. ఆ ఇంట్లో అదొక వేళాకోళం. మూలన కూచున్న పిన్ని ఏదో అర్థమైనట్టు తల దించుకుంది.

"నానేటీ అన్ను బాబ్జీ. పెళ్ళిళ్ళకీ ప్రయాణాలకీ కూడా నన్ను అడక్కండని సెప్పేసేను. నా నోరు మంచిది కాదు."

ఇరవై ఏళ్ళకు పైగా ఆమె అలా ఉంటోందని నాకు అప్పుడే తెలిసింది. అక్కడే, సింహాద్రి ముందే, నేను చేసింది చెప్పాను. వాడు నా వైపు చూడకుండా లేచి గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాడు. నేను పిన్ని కాళ్ళ దగ్గర కూచున్నాను. ఆమె తిట్టలేదు. క్షమించాననీ అనలేదు.

"అయితే నాను పంపుతాననే అన్నానా?"

"అన్నావు పిన్నీ. పేరు రాసుకోమన్నావు."

 అప్పుడు మనవడి వైపు చెయ్యి చూపించింది.

"ఆడికి తెలుగు రాదు. నానేటన్నానో ఆడికి హిందీలో సెప్పు."

పిన్ని ఆ రోజు అన్న ప్రతి మాటా, ఒక్కటీ వదలకుండా, ఆ పిల్లాడికి చెప్పాను. వాడు శ్రద్ధగా విన్నాడు.

"తో ఫిర్ పాపా గయే క్యోం నహీ?" అన్నాడు. మరైతే నాన్న ఎందుకు వెళ్ళలేదని.

గుమ్మంలో సింహాద్రి అటు తిరిగే నిలబడి ఉన్నాడు. పిన్ని నా నోటి వైపే చూస్తోంది. దుబాసీగా ఎవరి మాటో చెప్పి తప్పుకోవడానికి వీల్లేదు. నా వల్ల, అని చెప్పాను. పిన్నికి అర్థమయ్యేలా తెలుగులో మరోసారి చెప్పాను.