కాజాకో దండం

కాజాలమ్మకి సొంత పేరొకటి ఉండే ఉంటుంది. దానితో ఆ వీధిలో ఎవరికీ పని పడలేదు, అంతే. ఇరవై ఆరేళ్ళుగా టైలరు షాపు కిటికీ పక్కన ఎత్తుపీట మీద కూర్చుని, గుండీలు దూరే కాజాలు చేత్తో కుట్టడమే ఆవిడ బతుకు. గుడ్డ కత్తిరించేదొకరు, మిషను తొక్కేదొకరు. ఆఖర్న ఏ చొక్కా అయినా, ఏ కోటు అయినా ఈవిడ ఒళ్ళోకి రావలసిందే. చొక్కా పాతబడి ఇల్లు తుడిచే గుడ్డ అయ్యాక కూడా ఆవిడ కుట్టిన కాజా కళ్ళు తెరుచుకుని చూస్తూనే ఉండేది.

తన రవికకి మాత్రం ఎప్పుడూ రెండు పిన్నీసులే. "ఊరందరికీ కాజాలు కుడతావు, నీకు మాత్రం పిన్నీసులేమిటే!" అని షాపు యజమానురాలు ఆటపట్టించేది. ఆవిణ్ణి కాజాలమ్మ వదినా అని పిలుస్తుంది. చుట్టరికమేమీ లేదు. మొగుడు పోయిన నెలలో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఆ పీట మీద కూర్చోబెట్టింది ఆవిడే. ఆ చెయ్యి కన్నా పెద్ద చుట్టరికం ఏముంటుందనుకుంది కాజాలమ్మ.

కళ్ళు మూసుకుని జపం చేసుకునే తీరిక ఆవిడకెప్పుడూ లేదు. అందుకని సూదితోనే కానిచ్చేది. కాజా మొదలుపెట్టేటప్పుడు, "దేవుడా, ఇది వేసుకునేవాళ్ళని చల్లగా చూడు" అనుకునేది. పొద్దున మొదటి కాజా మాత్రం వేసుకునేవాళ్ళది కాదు, వదినది. "మా వదినని చల్లగా చూడు." ఇరవై ఆరేళ్ళలో ఒక్క పూట తప్పలేదు.

మూడు వారాల కిందట వదిన ఆవిడ భుజం మీద చెయ్యేసి, "పనేం లేదే. కొన్నాళ్ళు ఇంటి పట్టున ఉండి ఒంటికి విశ్రాంతి ఇచ్చుకో. పనొస్తే కబురు చేస్తాగా" అంది. కాజాలమ్మకి తన సంగతి కన్నా వదిన సంగతే బెంగ పట్టుకుంది. షాపు మూతపడితే వదినేమైపోతుంది? కుట్టడానికి కాజా లేకపోయినా, రోజూ పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని, "ఆ షాపుకి పని చూపించు స్వామీ" అని దండం పెట్టుకునేది.

కబురు రాలేదు. ఉండబట్టలేక ఒక పొద్దున తనే బయల్దేరింది. షాపుని ఆనుకునే ఇస్త్రీ తాత బండి. ఆయన ఈవిణ్ణి చూసి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేశాడు.

"అదేంటమ్మా, ఒక్కదానివే వచ్చేశావు? ఎవరూ తోడు రాలేదా?"

"నాకు తోడెందుకు తాతా?"

"కళ్ళు పోయాయన్నారు కదే!"

"ఎవరన్నారు?"

"మీ వదినే. వచ్చినోళ్ళందరికీ అదే చెబుతోంది. పాపం కాజాలమ్మకి చూపు పోయింది, అందుకే ఇప్పుడు మిషను కాజాలు వేయిస్తున్నామని." తాత ఆవిడ మొహం ముందు రెండు వేళ్ళు ఆడించాడు. "ఇవెన్ని?"

"రెండు. ఒక వేలికి బొబ్బ ఉంది. ముందు దానికి మందు రాసుకో."

నవ్వుతూనే అంటూ బండి కేసి చూసింది. బండి మీద తెల్లకోటులు పేర్చి ఉన్నాయి, ఇరవై. ఎల్లుండి నర్సులుగా ప్రమాణం చేయబోయే ఆడపిల్లలవి. ఒకదాని కాజా వేలితో తడిమింది. మిషనుదే. పనికేం కొరత లేదు. కొరతల్లా తనకే.

అలికిడికి వదిన బయటికొచ్చింది. ఈవిణ్ణి చూడగానే మొహంలో రంగులు మారాయి. ఏం మాట్లాడాలో తోచక, ఒక కాజాకి వేలాడుతున్న దారపు కొస పట్టుకుని కటుక్కున కత్తిరించి లాగేసింది. జన్మలో కాజా కుట్టని మనిషి కదా! ఆ మిషను కుట్టు గొలుసులా పోతుంది. కొసకి ముడి వేయాలే గానీ తెంపకూడదు. కాజా మొత్తం జర్రున ఊడొచ్చింది.

"వదినా, మిగతావి?" అంది కాజాలమ్మ.

"అన్నిటికీ కొసలు నిన్ననే కత్తిరించేశాను, నీటుగా ఉంటాయని." వదిన అక్కడే కూలబడింది. "ఆ పిల్లలు అందరి ముందూ నవ్వులపాలవుతారే. నువ్వే ఎలాగైనా..."

"నా కళ్ళ గురించి అలా ఎందుకన్నావు?"

"చవగ్గా అవుతుందని మిషను వాడికిచ్చాను. చేత్తో కుట్టినవి కావని జనం గొణుగుతుంటే ఏదో ఒకటి చెప్పాలిగా. నీకు చెబితే బాధపడతావని..."

"నాకు చెబితే ఒక పూట ఏడ్చేదాన్ని. ఊరందరికీ చెప్పి నన్ను గుడ్డిదాన్ని చేశావు. రేపు ఇంకో షాపువాడు నాకు సూది ఇస్తాడా?"

వదిన ఊడొచ్చిన దారాన్ని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

కాజాలమ్మ వెళ్ళి తన పీట మీద కూర్చుంది. ఇరవై కోటులు, నూరు కాజాలు, రెండు పగళ్ళు. వదిన టీ తెచ్చి పక్కన పెట్టింది. అది మీగడ కట్టింది గానీ ఈవిడ ముట్టలేదు. దండం నోటికి రాలేదు. దేవుడితో పోట్లాట మాత్రం బాగానే వచ్చింది. "ఈ షాపుకి పని చూపించమని నేనే కదయ్యా మొక్కాను? విన్నావు. పని తెచ్చావు. నాకు చెప్పకుండా తెచ్చావు. నువ్వూ ఆవిడా కలిసే నాతో ఆడుకున్నారా?"

అప్పుడొక దుర్బుద్ధి పుట్టింది. వదులుగా కుడితే? ప్రమాణం మధ్యలో గుండీలన్నీ జారిపోతే, వదిన మళ్ళీ ఈ వీధిలో తలెత్తుకోగలదా? ఒక కాజా అలాగే వదులుగా మొదలుపెట్టింది. నాలుగో కుట్టు దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు వాటంతటవే బిగించేశాయి. విప్పి మళ్ళీ కుట్టింది. మళ్ళీ బిగించేశాయి. ఆవిడకి తన చేతుల మీదే ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ దండం నోట్లో ఉందనుకుంది. నోరు మూసుకున్నా అది వేళ్ళలోంచి పోవడం లేదు. ఆ పిల్లలెవరో ఈవిడకి తెలియదు, ఈవిడ కోపమేమిటో ఆ పిల్లలకి తెలియదు. ఇక విప్పలేదు. కుట్టుకుపోయింది.

రెండో రోజు పొద్దు వాలకముందే నూరోది అయింది. సొరుగులోంచి తన కత్తెర, వేలితొడుగు తీసి సంచిలో వేసుకుంది.

"రేప్పొద్దున్నే వచ్చేస్తావుగా? మిషను వాడికి ఇవ్వనే ఇవ్వను, ఒట్టు" అంది వదిన.

"కళ్ళు కనపడవు కదా వదినా. దారి తప్పుతాను."

బయట ఇస్త్రీ తాత చెయ్యి అడ్డం పెట్టాడు. "అమ్మా, ఒక చొక్కా ఉంది. కాజా కుడతావా?"

"మా ఇంటికి పంపు. చూపున్నదాని ఇల్లని చెప్పు."

మర్నాడు పొద్దున ఆవిడ తన గది కిటికీ దగ్గర కూర్చుని, రవికకున్న పిన్నీసులు రెండూ తీసేసింది. వాటి జాగాలో కాజా మొదలుపెడుతుంటే అలవాటుగా నోరు కదిలింది. "దేవుడా, ఇది వేసుకునేదాన్ని..." అని ఆగిపోయింది. తన గురించి ఆ మాట అనుకోవడం అదే మొదటిసారి. గదిలో ఎవరూ లేకపోయినా సిగ్గేసింది. కాసేపాగి, "చల్లగా చూడు" అని సూది దించింది.

లెక్క ప్రకారం పొద్దున మొదటి కాజా దండం వదినది కావాలి. ఆ మాట మాత్రం నోటికి రాలేదు. రప్పించాలని ఆవిడా చూడలేదు.