మొలతాడు కింద నల్ల మచ్చ

ఆ రోజు పొద్దున పళ్లు తోముకుంటుంటే తల పగిలిపోతున్నట్టు అనిపించింది. ఫోన్ వెలుతురు కూడా చూడలేకపోయా. నేనే ఫోన్ పక్కన పడేశానంటే ఏదో తేడా అని అప్పుడే తెలుసుకోవాల్సింది.

నేను హైదరాబాద్‌లో పెరిగినోణ్ణి. యర్రగొండపాలెం దగ్గర మా చిన్నాయన ఇల్లు, పెరడు దాటితే అడవే. కొన్నాళ్లు ఉందామని అక్కడికి వెళ్లా. రోజూ నెమళ్లు వస్తాయి. జ్వరానికి పది రోజుల ముందు వాటి వీడియో కోసం గడ్డివామి పక్కన బోర్లా పడుకున్నా. చొక్కా పైకి పోయినా పట్టించుకోలేదు. నా పక్కనుంచే ఒక పందికొక్కు ఉరికింది. నవ్వుకున్నా.

నేను వచ్చిన రోజే చిన్నమ్మ "మొలతాడు లేకుండా తిరుగుతాండావేందిరా?" అని కొత్తది కట్టింది. కొన్నాళ్లకు దాని కింద పుండు లేచింది. నొప్పి లేదు. "కొత్త తాడు గదా, ఒరుసుకుందిలే" అని చిన్నమ్మ కొబ్బరినూనె రాసింది. నేనూ ఆ తాడునే తిట్టుకున్నా.

జ్వరం నూట మూడు. ఊళ్లో ఆర్ఎంపీ టైఫాయిడ్ అని మూడు రోజులు సెలైన్లు పెట్టినాడు. మార్కాపురంలో ఒక ఆస్పత్రిలో డెంగీ నెగటివ్. "వైరల్ ఫీవర్. ప్లేట్‌లెట్స్ తగ్గుతున్నాయి, చూద్దాం" అన్నారు. ఏంది చూసేది? రిపోర్టులు చూసినారు, నన్ను చూడలేదు! నా తప్పూ ఉంది. నర్సు చొక్కా తీయమంటే "జ్వరానికి చొక్కాతో పనేంటి?" అని అరిచా. ఆమె వెళ్లిపోయింది.

ఆరో రోజు ఊపిరి ఆడలేదు. చిన్నాయన ఇంకో ఆస్పత్రికి ఎత్తుకుపోయినాడు. అక్కడ లేడీ డాక్టర్ చొక్కా తీయమంది. మళ్లీ వాదించబోయా. "తీస్తావా, కత్తెర తెమ్మంటావా?" అంది. తీశా. మొలతాడు పైకెత్తింది. సిగరెట్‌తో కాల్చినట్టు నల్ల చెక్కు.

"ఈ నల్ల చెక్కును ఎస్కార్ అంటారు. ఇది స్క్రబ్ టైఫస్ జ్వరం. ఎలుకల మీద, పొదల్లో ఉండే సన్న పురుగు కరిచింది. ఇన్నాళ్లు ఎవరూ చూడలేదా?"

చిన్నాయన తల దించుకున్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

డాక్సీసైక్లిన్ మొదలుపెట్టాక రెండు రోజులకు జ్వరం దిగింది. కాళ్లల్లో సత్తువ మాత్రం నెల దాకా రాలేదు. ఒకసారి బాత్రూంలో పడిపోయా కూడా.

ఇప్పుడు బాగున్నా, కోపమే తగ్గలేదు. మీకు చెప్పేది ఒక్కటే. జ్వరం ఏందో తేలకపోతే చంకలు, గజ్జలు, మొలతాడు కింద, ఒళ్లంతా ఎవరితోనైనా వెతికించుకోండి.

మొన్న చిన్నాయన ఫోన్‌లో ఒళ్లు వెచ్చగా ఉందన్నాడు. వెంటనే వీడియో కాల్ చేసి "మొలతాడు ఎత్తి చూపించు" అన్నా.

"సిగ్గు లేదేందిరా నీకు?"

"లేదు. ఎత్తు."

ఎత్తేదాకా కాల్ కట్ చేయలేదు.