మూత పిన్ని

మేం పని చేసే చోట సాయంత్రమైతే పాటలు, డాన్సులు, తాగేవాళ్ల సందడి. అక్కడ బల్లల మీది గ్లాసులు ఏరడం మా పిన్ని పని, కడగడం నాది. పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. నా చదువు ఆగిపోయాక నన్ను అక్కడ పెట్టించింది తనే. కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉండేది, తిండి కూడా నిలబడే తినేది.

ఎవరైనా సగం తాగిన గ్లాసు వదిలేసి డాన్సుకు లేస్తే, పిన్ని దాని మీద గుండ్రటి అట్టముక్క మూతలా పెట్టేది. మనిషి మళ్లీ వస్తాడు, కడిగెయ్యొద్దని మాకు అదొక గుర్తు. అందుకే అందరికీ ఆమె మూత పిన్ని.

"పిన్నీ, ఇంట్లో గిన్నెలు చాలక ఇక్కడికొచ్చావా?" అని బారు దగ్గర పోసే అన్న ఏడిపించేవాడు.

"ముందు నీ నోటికొకటి పెడతా, రా!"

ఆ సాయంత్రం పొట్టి జుట్టు అమ్మాయి ఒకతె స్నేహితురాలితో వచ్చింది. నిమ్మ సోడా తప్ప ఏమీ అడగలేదు. సగం తాగి డాన్సుకు లేచింది. పిన్ని ట్రేతో లోపలికొచ్చి, ఎంగిలి గ్లాసులు నా ముందు దింపి, తిరిగి వెళ్లి ఆ సోడాకు మూత పెట్టింది. అమ్మాయి వచ్చి, మూత తీసి, గడగడా తాగేసింది.

కాసేపటికే ఆమె తల ఒక పక్కకి వాలిపోయింది. మాట ముద్దగా వస్తోంది, చూపు నిలవడం లేదు. నీలం చొక్కా అతను ఒకడు ఆమె భుజం పట్టుకుని తలుపు వైపు నడిపిస్తున్నాడు. పిన్ని ట్రే అడ్డం పెట్టింది.

"ఎక్కడికి బాబూ?"

"ఎక్కువ తాగేసింది. మా ఆఫీసు అమ్మాయే, ఇంటి దగ్గర దింపుతా."

"ఏం ఎక్కువైంది? సోడానా?"

"నీకెందుకమ్మా? గ్లాసులు కడుక్కో, పో."

"కడుక్కుంటాలే. తనతో వచ్చిన పిల్ల సరేనంటే తీసుకెళ్లు." నా వైపు తిరిగి, "పరిగెత్తవే!" అంది.

డాన్సు చేసేవాళ్ల మధ్య, పాటల హోరులో నా మాట వినపడలేదు. ఆ స్నేహితురాలి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఆమె చూసి, "ఇతనెవరు? మా ఆఫీసులో ఇలాంటివాడు లేడే!" అని అరిచింది. నీలం చొక్కా అతను ఆమెని వదిలేసి బయటికి జారుకోబోతే కాపలా అతను పట్టుకున్నాడు. మేనేజరు గారు పోలీసులకూ అంబులెన్సుకూ ఫోన్ చేశారు.

బారు అన్న నీళ్లు పట్టుకొచ్చాడు. "నోట్లో ఏమీ పొయ్యకు, మింగలేక ఊపిరాడదు. పక్కకి తిప్పి పడుకోబెట్టండి" అంది పిన్ని. అంబులెన్సు వచ్చేదాకా అమ్మాయి ఊపిరి చూస్తూ పక్కనే కూర్చుంది. పిన్ని అంతసేపు కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ గ్లాసు మాత్రం ఎవరినీ కడగనివ్వలేదు. అడుగున మిగిలిన నాలుగు చుక్కలతోనే పోలీసుల చేతికిచ్చింది. మత్తుమందు కలిపినట్టు అందులోనే తేలింది. ఒంట్లోంచి అది తొందరగా పోతుందట. వెంటనే ఆసుపత్రికి తీసుకురావడం మంచిదైందని డాక్టరు చెప్పారట.

కోలుకున్నాక ఆ అమ్మాయి ఒక మధ్యాహ్నం వచ్చింది. "పిన్నీ, మీ వల్లే బతికిపోయాను."

"ఎవరూ లేకుండా వదిలేసిన గ్లాసు మళ్లీ ఎందుకు తాగావు తల్లీ?"

"మూత ఉందిగా! మీరు చూస్తూనే ఉన్నారనుకున్నా."

పిన్ని మొహంలో నెత్తురు చుక్క లేదు. తుడుస్తున్న బల్లనే మళ్లీ మళ్లీ తుడిచింది. "నేను చూడలేదమ్మా. లోపల ట్రే దింపుతున్నాను. వచ్చి మూత పెట్టానంతే. ఆలోపే వాడు కలిపేసుంటాడు."

అమ్మాయి పిన్ని చేతిలోని గుడ్డ తీసి పక్కన పెట్టింది. పిన్ని తలెత్తలేదు.

"అయితే ఇకనించి అలా వదిలేసినవి పారబొయ్యండి పిన్నీ" అంది అమ్మాయి. "ఎవరు తిట్టినా సరే."

మేనేజరు గారు ముందు సణిగారు, తర్వాత ఒప్పుకున్నారు. నిన్న ఒకతను బల్ల గుద్దాడు: "నా గ్లాసు ఏది? సగం కూడా తాగలేదు!"

"పారబోశాను బాబూ. కొత్తది ఊరికే ఇస్తారు. నీ కళ్లముందే పోయించుకో, చేతిలోంచి దించకు."

"ఇదెక్కడి చోద్యం!"

అతనింకా తిడుతూనే ఉన్నాడు. పిన్ని అప్పటికే పక్క బల్ల దగ్గర, కుర్చీలు ఖాళీగా ఉన్నచోట, నిండు గ్లాసొకటి చేతిలోకి తీసుకుంది.