స్టిక్కరు కింద స్టిక్కరు

బీన్సక్క అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. పదకొండేళ్ళ కిందట, ఆఫీసు భవనాల వెనక సందులో మెక్సికన్ తిండి అమ్మే చిన్న షాపు ఒకటి తెరిస్తే, అందులో పొద్దున్నే నల్ల బీన్స్ గింజలు ఉడకబెట్టే పనికి కుదిరింది. అప్పటికి ఆమెకి నలభై రెండేళ్ళు. పనిచేస్తున్న బట్టల ఫ్యాక్టరీ మూతపడి, ఇంట్లో కూర్చుని గోళ్ళు గిల్లుకుంటున్న రోజులవి. బరిటో అనే మాట అంతకు ముందు ఆమె చెవిన పడి ఎరగదు. మొదటి రోజు చూసి, "ఇంతేనా? అన్నం, బీన్స్, కూర, పచ్చడి అన్నీ కలిపి రొట్టెలో మూట కట్టడమేగా. దీనికింత హంగామా దేనికి తమ్ముడూ?" అంది. ఓనరు పడీ పడీ నవ్వాడు. ఆ రోజుల్లో ఓనరుని ఆమె తమ్ముడూ అనేది, ఆయన ఆమెని అక్కా అనేవాడు. షాపులో ఉన్నదే నలుగురు. గిన్నెలు కడిగే పని వస్తే ఓనరు కూడా చొక్కా చేతులు మడిచేవాడు.

ఆ హంగామా ఎందుకో మధ్యాహ్నం పన్నెండు దాటాక ఆమెకి తెలిసింది. ఆఫీసుల నుంచి జనం ఎగబడేవాళ్ళు. కౌంటరు వెనక స్టీలు డబ్బాలు వరసగా దిగేసి ఉండేవి: అన్నం, బీన్స్, చికెన్, తరిగిన టమాటా ఉల్లిపాయల సల్సా, జున్ను, ఆకుకూర. వచ్చినవాళ్ళు అది వెయ్యి, ఇది వద్దు అని వేలు చూపిస్తూ పోతారు, చివరికి చేరేసరికి మూట తయారు. ఒక మనిషికి నలభై సెకన్లు. అంతకన్నా ఆలస్యమైతే లైను వీధిలోకి పాకుతుంది.

ప్రతి డబ్బాకీ ఒక స్టిక్కరు ఉంటుంది. ఎన్నింటికి తయారుచేశారో, ఎన్నింటికి పారబోయాలో దాని మీద రాయాలి. నాలుగు గంటలు దాటితే ఎంత మిగిలినా చెత్తబుట్టే. రద్దీలో తడి చేతులతో పెన్ను పట్టుకుని స్టిక్కరు రాయబోతే లైను ఆగిపోయేది. ఒకరోజు ఓనరే అన్నాడు, "అక్కా, ఆ స్టిక్కర్లేవో పొద్దున్నే రాసి పెట్టేసుకో. టైముకి అంటించుకుంటే సరిపోతుంది." సరేనని ఆమె రోజూ ఆరున్నరకి, బీన్స్ ఉడుకుతుండగా, ఆ రోజుకి కావలసిన స్టిక్కర్లన్నీ వరసగా రాసేసేది. ఏడు నుంచి పదకొండు, పదకొండు నుంచి మూడు, మూడు నుంచి ఏడు. హడావుడి రాతలో ఒకటీ ఏడూ ఒకేలా కనపడుతున్నాయని ఏడుకి నడుం మీద అడ్డగీత గీసేది. ఇందులో తప్పేముంది? అప్పట్లో సల్సా డబ్బా నలభై నిమిషాల్లో ఖాళీ. నాలుగు గంటలు బతికిన డబ్బాని ఆ షాపులో ఎవరూ చూడలేదు.

తర్వాత షాపులు పెరిగాయి. రెండోది పెట్టినప్పుడు స్వీట్లు పంచారు. అయిదోది పెట్టినప్పుడు బీన్సక్కకి ట్రైనరని బ్యాడ్జీ ఇచ్చారు. కొత్త షాపు తెరిచే ముందు వారం రోజులు ఆమె వెళ్ళి, అక్కడి పిల్లలకి కత్తి పట్టుకోవడం దగ్గర్నుంచి రొట్టె చిరక్కుండా మూట చుట్టడం దాకా అన్నీ నేర్పి వచ్చేది. షాపు ప్రారంభాలు లేని రోజుల్లో తన పాత షాపులోనే పొద్దుటి పని. అన్ని షాపులకీ అవే ఆకుపచ్చ గోడలు, అదే వరసలో డబ్బాలు. కళ్ళకి గంతలు కట్టి ఏ షాపులో నిలబెట్టినా ఉప్పు డబ్బా మీద సూటిగా చెయ్యి వెయ్యగలదు. తమ్ముడూ అని పిలిచిన ఓనరు కాస్తా ఎప్పుడో సార్ అయిపోయాడు. ఎప్పుడయ్యాడో ఆమెకీ తెలియదు, ఎవరూ చెప్పలేదు, నోరే తిరిగిపోయింది. మోకాళ్ళు అరిగిపోతున్నా ఆమెకి మాత్రం లోలోపల గర్వమే. "ముప్పై ఒక్క షాపుల్లో నా చేతి ఒరవడే," అని మొగుడి దగ్గర అనేది. ఆయన టైలరు, మెషీను మీంచి తల ఎత్తకుండా, "అయితే దిష్టి తీయించుకో," అనేవాడు.

ఆ చేతి ఒరవడే ఆమె పీకల మీదికి తెచ్చింది.

పోయిన వారం పంతొమ్మిదో షాపులో తిన్న ఆరుగురు ఆసుపత్రి పాలయ్యారు. అయిదుగురు తేరుకున్నారు. ఆరో మనిషి ఒక స్కూలు టీచరు, ఇంకా ఐసీయూలోనే ఉంది. ఆ షాపు ఇన్‌ఛార్జి ఇరవై ఆరేళ్ళ పిల్ల, బీన్సక్క దగ్గరే పని నేర్చుకుంది. జుట్టంతా రింగులు, టోపీలో ఓ పట్టాన ఇమడదు. అందుకని అందరూ రింగులమ్మ అంటారు. షాపు మూయించారు. ఆరోగ్య శాఖ వాళ్ళు విచారణకి వస్తామన్నారు. వాళ్ళు వచ్చేలోగా అక్కడ ఏముందో చూసి రమ్మని ఆఫీసు వాళ్ళు బీన్సక్కని పంపారు. అది నిన్నటి మాట.

లైట్లు సగం ఆర్పేసిన షాపులో ఫ్రిజ్ తలుపు తీసింది. సల్సా డబ్బా ఒకటి అలాగే ఉంది. స్టిక్కరు మీద మూడు నుంచి ఏడు అని ఉంది. ఏడుకి అడ్డగీత. అచ్చం తన గీతే. ఆమెకి ముందు నవ్వొచ్చింది, ఈ పిల్ల నా ఏడుని కూడా కాపీ కొట్టిందే అని. తర్వాత చూపుడు వేలుకి స్టిక్కరు కాస్త దళసరిగా తగిలింది. గోటితో అంచు లేపింది. కింద ఇంకో స్టిక్కరు, పదకొండు నుంచి మూడు. దాని కింద ఏడు నుంచి పదకొండు. దాని కింద మళ్ళీ మూడు నుంచి ఏడు, అది అంతకు ముందు రోజుది. నాలుగు స్టిక్కర్లు, నాలుగింటి అడుగునా ఒకే సల్సా.

షాపు తాళం తీసిన రింగులమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"ఎందుకు చేశావే ఇలా?"

"మీరు చెప్పినట్టే చేశానక్కా. పొద్దున్నే రాసి పెట్టుకున్నా, టైముకి అంటించా."

"డబ్బా పారబోసి కదా కొత్తది అంటించాలి."

"ఇక్కడ మీ షాపులాగా జనం రారక్కా. డబ్బా ఖాళీ అవ్వదు. పారబోస్తే ఇంత వేస్టు ఎందుకయిందని ఆఫీసు నుంచి ఫోన్లు. స్టిక్కరు చేతిలో రెడీగా ఉంటుంది, టైమవుతుంది, అంటించేస్తాం." ఆ పిల్ల తలెత్తి, "మీరు కూడా ఒకసారి అంటించారు. వర్షం పడ్డ రోజు. నేను పక్కనే ఉన్నా," అంది.

అంటించింది. బీన్సక్కకి గుర్తుంది. ఎవరూ రాని రోజు, సల్సా మంచిగానే ఉంది, వాసన చూసి మరీ అంటించింది. ఆ ఒక్కసారీ ఈ పిల్ల కంటపడాలా? ఇంకెన్నిసార్లు ఎంతమంది కంటపడిందో. రింగులమ్మ ఒక్కతేనా తన దగ్గర నేర్చుకున్నది? ముప్పై ఒక్క షాపుల్లో ఈ క్షణాన ఎన్ని డబ్బాల మీద ఎన్ని పొరలున్నాయో అనుకునేసరికి అక్కడే బియ్యం బస్తా మీద కూలబడింది.

ఇంటికి వెళ్ళి మొగుడితో చెప్పింది. ఆయన కత్తెర పక్కన పెట్టాడు. ఎప్పుడూ పక్కన పెట్టని మనిషి.

"నువ్వు చెప్తే ఏమవుతుంది?"

"నా పని పోతుంది. కేసు కూడా పెడతారేమో."

"చెప్పకపోతే?"

"ఆ పిల్ల మీద పెడతారు. ఇంకో షాపులో ఇంకెవరో పడిపోతారు."

ఆయన మళ్ళీ కత్తెర తియ్యలేదు. ఆయనకీ భయమేసిందని ఆమెకి అప్పుడు అర్థమైంది.

ఈ రోజు పొద్దున ఎప్పటిలాగే పాత షాపుకి వెళ్ళింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి, మనసు మాత్రం ఐసీయూ తలుపు దగ్గరే ఉంది. ఆ టీచరు ముఖం ఎలా ఉంటుందో తెలియదు కాబట్టి ఎవరి ముఖం చూసినా ఆమేనేమో అనిపించింది. పదకొండు దాటాక ఏప్రాన్ విప్పి హెడ్డాఫీసుకి వెళ్ళింది.

ఓనరు గది నాలుగు వైపులా అద్దాలే. కూర్చోమన్నాడు. ఆమె కూర్చోకుండానే మొదలుపెట్టింది, స్టిక్కర్లు, పొరలు, వర్షం పడ్డ రోజు, అన్నీ. ఆయన మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక, "ఇవన్నీ ఇంకెవరితోనైనా అన్నావా?" అని అడిగాడు.

"మా ఆయనతో అన్నాను సార్."

"ఆయనతో అయితే పర్లేదు. చూడక్కా," అన్నాడు. ఏళ్ళ తర్వాత ఆ నోట అక్కా అని రావడం అదే. "రూలు పుస్తకంలో మనది కరెక్టుగానే ఉంది. ఆ పిల్ల పాటించలేదు. రిజిస్టరులో సంతకం కూడా ఆ పిల్లదే. రేపు పదింటికి ఆరోగ్య శాఖ వాళ్ళొస్తే అదే చూపిస్తాం."

"పాటించింది సార్. నేను చెప్పినట్టే పాటించింది."

"నువ్వు ఇప్పుడు నోరు విప్పితే ముప్పై ఒకటీ మూయిస్తారు. అన్నిట్లో కలిపి నాలుగొందల మంది ఉన్నారు, వాళ్ళ ఉసురు నీకెందుకు? వచ్చే నెలలో ఇంకో పన్నెండు తెరుస్తున్నాం. ఇంటికెళ్ళి రెండ్రోజులు రెస్టు తీసుకో."

"స్టిక్కర్లు పొద్దున్నే రాసి పెట్టుకోమన్నది మీరే. మీకు గుర్తుందా?"

ఓనరు ఆమె కళ్ళలోకి చూస్తూనే, "నాకు గుర్తు లేదక్కా," అన్నాడు.

అబద్ధాలకోరు. మెట్లు దిగుతూ ఆమె మనసులో తిట్టుకున్న మొదటి మాట అదే. నా చేత చేయించి, తన నోటితో చెప్పి, ఇప్పుడు గుర్తు లేదంటాడా? మనిషన్నవాడికి ఆ మాత్రం గుర్తుండదా? కోపం వచ్చినందుకు కాస్త ధైర్యం కూడా వచ్చింది. బస్‌స్టాపులో కూర్చుని ఫోను తీసింది. అన్ని షాపుల ఇన్‌ఛార్జీలూ ఉన్న గ్రూపు ఒకటి ఉంది. టైపు కొట్టడం ఆమెకి పెద్దగా రాదు, గొంతే పెట్టింది. ఫోనుని మోకాలికి ఆనించి పట్టుకుంది.

"నేను బీన్సక్కని. కౌంటర్లో, ఫ్రిజ్‌లో ఉన్న డబ్బాలన్నీ ఇప్పుడే పారబోయండి. స్టిక్కరు చూడొద్దు. స్టిక్కర్లు ముందే రాసుకోమని మీకు నేర్పింది నేను. మీది తప్పు కాదు, నాది. రేపు వచ్చేవాళ్ళకి కూడా ఇదే చెప్తా. ముందు పారబోయండి."

నొక్కేసింది. ఇక వెనక్కి తీసుకునేది లేదు. మొదటి జవాబు ఎనిమిదో షాపు నుంచి వచ్చింది: "సరే అక్కా. పాత స్టిక్కర్లు తీసేసి కొత్తవి అంటించమంటారా?" ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "వద్దు నాయనా, పారబొయ్యి," అంది. తర్వాత ఒకటొకటిగా ఫోటోలు రావడం మొదలైంది. చెత్తబుట్టలు, ఖాళీ డబ్బాలు. ప్రతి డబ్బా మీదా ఉబ్బెత్తుగా స్టిక్కర్లు, ప్రతి ఏడుకీ నడుం మీద అడ్డగీత. ఎవరూ ఎందుకని అడగలేదు. అక్క చెప్పింది కాబట్టి చేస్తున్నారు. ఇన్నేళ్ళూ కూడా అలాగే చేశారు. ఓనరు ఫోను రెండుసార్లు మోగింది, ఆమె ఎత్తలేదు.

పాత షాపుకి చేరేసరికి రెండున్నర. కౌంటరు మీద డబ్బాలు దించే గుంటలన్నీ ఖాళీ, ఒక్క సల్సా డబ్బా తప్ప. జనం కూడా పెద్దగా లేరు. రెండు వీధుల అవతల ముప్పయ్యో షాపు తెరిచాక ఇక్కడ లైను పల్చబడింది. ఆ సంగతి ఆమె కంటికి రోజూ కనపడుతూనే ఉంది గానీ బుర్రలోకి ఎక్కలేదు.

"ఇదెందుకు ఉంచావు?" అని క్యాషియరుని అడిగింది.

"అది మీరు పొద్దున మీ చేత్తో చేసింది కదక్కా. మీరు చేసినదానికి ఢోకా ఏముంటుందని ముట్టుకోలేదు."

స్టిక్కరు మీద పదకొండు నుంచి మూడు అని ఉంది. తన రాతే. ఇంకా అరగంట టైముంది. బీన్సక్క ఊపిరి పీల్చుకుంది. అంతలో వేలు దాని మీద ఆగింది. గోరు పెట్టాలంటే భయమేసింది. పెట్టింది. అంచు లేచింది.

కింద అడ్డగీతతో ఏడు కనపడింది.

ఏడుకి చేసిన సల్సా. పదకొండింటికి, హెడ్డాఫీసుకి బయల్దేరే ముందు, నిన్న అంతా కళ్ళారా చూసొచ్చి కూడా, మీద ఇంకోటి అంటించి ఏప్రాన్ విప్పేసి వెళ్ళిపోయింది. అంటించింది తనేనని రాత చెబుతోంది. ఎంత తన్నుకున్నా ఆమెకి గుర్తు లేదు.

వంగి లోపలికి చూసింది. డబ్బా సగానికి పైగా ఖాళీ అయిపోయి ఉంది.