డబ్బా మీది పేస్టు

టూత్‌పేస్టు డబ్బాల మీద బొమ్మలేసే ఆ పెద్దాయన, పేస్టును బ్రష్షు పొడవునా పాము పడగెత్తినట్టు గీస్తాడు. ఇంట్లో మాత్రం అయిపోయిన ట్యూబును కత్తెరతో నిలువునా చీల్చి, చెంచాతో గీకి, తలా కాస్త పంచుతాడు. ఒకరోజు కూతురు డబ్బా చూపించి నిలదీసింది. "దీని మీద కొండంత, మా బ్రష్షు మీద ఆవగింజంతా? ఏంటి నాన్నా ఇది?" ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజే ఆఫీసులో కొత్త డబ్బాకు నిజాయితీగా ఆవగింజంతే గీశాడు. మేనేజరు కళ్లజోడు తుడుచుకుని మరీ చూశాడు. "బ్రష్షు మీద ఈగ వాలిందేంటయ్యా? ఇలాగైతే మన ట్యూబులు ఎప్పటికి అయిపోతాయి? మళ్లీ గియ్యి!" ఉద్యోగం ముఖ్యం కనుక మళ్లీ గీశాడు. మర్నాడు పొద్దున్నే కొత్త ట్యూబు విప్పి, కూతురి బ్రష్షు మీద అచ్చం బొమ్మలో ఉన్నట్టే తన చేత్తో పిండాడు. ఆమె గడ్డం దాకా కారుతున్న నురగలోంచి ఏదో తిట్టింది. మెచ్చుకుందనుకుని ఆయన మురిసిపోయాడు.