మోకు నా చేతికిచ్చిన రోజు

నా చిన్నప్పుడు నాకు కుళ్లు ఎక్కువ. ఈ మాట నా గురించి ఇంకెవరైనా అంటే ఊరుకోను గానీ, అంటున్నది నేనే కాబట్టి ఫరవాలేదు. ఆ కుళ్లంతా ఒకే మనిషి మీద. మా పెదనాయన కూతురు. నాకంటే పది నెలలు పెద్ద కాబట్టి అక్క అనాలి. ఆ పది నెలల కోసం కూడా నేను ఏడ్చిన రోజులున్నాయి. చంద్రగిరి దగ్గర మా ఊళ్లో రెండు కుటుంబాలూ ఒకే ప్రహరీలో ఉండేవి. అక్క చెట్టెక్కితే అందరూ బయటికొచ్చి చూసేవాళ్లు. నేను నోరెత్తితే మాత్రం "దీని నోరు సూడు" అని లోపలికి పోయేవాళ్లు. అక్కకు కాళ్లూ చేతులూ, నాకు నోరూ. పంచిన రోజున నేనక్కడ ఉండి ఉంటే వాదించేదాన్ని.

మా నాయన ఇన్సూరెన్స్ ఏజెంటు. సైకిలుకు ఖాకీ సంచి తగిలించుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగేవాడు. ఎదురైన ప్రతి మనిషిలోనూ ఆయనకు పాలసీయే కనబడేది. ఎండాకాలంలో మా ఇంటికి తేనె తెచ్చే తాతను కూడా వదల్లేదు. ఆ తాత శేషాచలం కొండల్లో, నిలువు చరియల మీదినుంచి మోకు కట్టుకుని దిగి, తేనెపట్లు కోసేవాడు. మోకంటే బావిలో బిందె వేసే తాడు కాదు, మనిషి బరువు మోయడానికి నార పేని చేసిన లావుపాటి తాడు. మేమంతా ఆయన్ని తేనె తాత అనేవాళ్లం.

"అంత ఎత్తునుంచి యాలాడతావు గదా తాతా, ఏమన్నా అయితే ఇంట్లోవాళ్ల గతేంది? ఒక పాలసీ కట్టు" అన్నాడు నాయన ఒకరోజు.

తాత తేనె వడకట్టడం ఆపలేదు. "నా పాలసీ కొండ మీదే కూర్చోనుంటాది అప్పా. నా బామ్మర్ది. నేను దిగితే మోకు వాడే పట్టాల, ఇంకెవురూ పట్టకూడదు. వాడు వదిల్తే తాళి తెగేది వాళ్లక్కకే గదా!"

నాయన నవ్వి పాలసీల పుస్తకం సంచిలో పెట్టేసుకున్నాడు. వాళ్లలో అది తరతరాల కట్టుబాటట. మోకు పట్టేవాడు పెళ్లాం తమ్ముడో అన్నో అయి ఉండాలి. ఇన్ని పాలసీలు రాసిన నాయనకు అంతకు మించిన షరతు తోచలేదు.

అప్పుడే అక్క ముందుకొచ్చి, తనకూ కొండెక్కడం నేర్పమంది. తాత దాన్ని కిందినుంచి పైదాకా చూసి, "ఈ పాపవి మేక కాళ్లు, నేర్పచ్చు" అన్నాడు. ఆ ఒక్క మాటకు నాకు కడుపు మండిపోయింది. నేనూ వస్తానన్నాను. ఎక్కాలని కాదు. అక్క ఒక్కతే ఎక్కకూడదని.

మరుసటి రోజు తెల్లవారగానే ఊరి వెనక గుట్టకు పోయాం. అక్క ముందే ముక్కుబండను ఎంచుకుని పెట్టుకుంది. గుట్టలో ముక్కులా ముందుకు పొడుచుకొచ్చిన బండ అది, దాని మీద నిలబడితే ఊరంతటికీ కనబడతారు. అక్కకు కావలసిందీ అదే. తాత మోకు కింద పెట్టి, మమ్మల్ని నీడలో కూర్చోబెట్టి, చాలాసేపు ఊరికే ఆ బండవైపు చూడమన్నాడు. కొండెక్కడానికి వచ్చి కూర్చోవడమేమిటని నాకు అర్థం కాలేదు.

"ఎట్లెక్కేదీ నాకు సెప్పొద్దు. జారితే యాడ పడతావో అది సెప్పు" అన్నాడు అక్కతో.

అక్క బిత్తరపోయింది. తను పడటమన్నది దాని లెక్కలోనే లేదు. జవాబు నేను చెప్పాను. ముక్కుబండ కింద పదునైన రాళ్లున్నాయని, పైన తాడు కట్టడానికి చెట్టు లేదని, జారినవాళ్లు గాలిలో ఊగి పక్క బండకు కొట్టుకుంటారని. అక్క ఎలా పడుతుందో నేను అంతకుముందే చాలాసార్లు ఊహించుకుని ఉన్నాను మరి. తాత నా వైపు తిరిగి, "దీనికి కండ్లుండాయి" అన్నాడు. ఆ రోజంతటికీ నాకు దక్కిన మెప్పు అదే. ఎక్కడినుంచి వచ్చిందో తెలిసిన మెప్పు కాబట్టి పూర్తిగా రుచించలేదు.

ఆయన చూపించిన దారి ఎడమ పక్కన ఉంది. బండలో ఏటవాలుగా పోయిన ఒక నెర్రె. మనిషెత్తుకొకచోట కూర్చోవడానికి చోటుంది, కింద మెత్తటి మన్ను, పైన రాతిలోకి వేళ్లు దించుకున్న రేల చెట్టు. తాత చేతి కర్రతో రాళ్లను ఒక్కొక్కటీ కొట్టి చూపించాడు. గట్టి చప్పుడొస్తే పట్టుకోవచ్చు, బోలుగా మోగితే దాన్ని ముట్టకూడదు. పిలిస్తే పైనుంచి జవాబు రానిదే అడుగు తీయకూడదు.

అక్క మూతి ముడుచుకుంది. "ఇదేంది తాతా, మా అవ్వ గూడా ఎక్కేస్తాది."

"మీ అవ్వ ఎక్కగలిగిందే మొదుట ఎక్కాల. తర్వాత నీ ఇష్టం."

అక్క ముఖం చిన్నబోవడం చూసి నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ హాయిలో నోరు జారింది. "ముక్కుబండే ఎక్కనీ, పడితే తెలుస్తాది" అని గొణిగాను. అక్కకు వినబడలేదు. తాతకు వినబడింది. మోకు ఒక కొస అక్క చంకల కింద చుట్టి ముడివేసి, తక్కినది భుజాన వేసుకుని, నన్ను మేకలు తిరిగే దారిన పైకి తీసుకుపోయాడు.

పైన మోకును రేల చెట్టు మానుకు రెండు చుట్లు తిప్పాడు. నన్ను చెట్టు వెనక కూర్చోబెట్టి, రెండు కాళ్లూ మానుకు తన్నిపెట్టించి, మోకు నా చేతుల్లో పెట్టాడు. నా చేతుల్లో! అక్క ఎక్కేకొద్దీ వదులైన మోకును నేను లాక్కుంటూ ఉండాలి, జారితే బిగించి పట్టాలి. చుట్ల వల్ల బరువంతా చెట్టే మోస్తుందని, పట్టు మాత్రం నాదని చెప్పి, తాను బండ అంచున బోర్లా పడుకుని కిందికి చూస్తూ ఉండిపోయాడు.

చెట్టు వెనకనుంచి అక్క నాకు కనబడదు. మోకు వదులైతే ఎక్కుతోందని, కదలకుంటే ఆగిందని తెలుసుకోవాలి. మొదట బుద్ధిగానే లాగాను. కానీ తాత నోరు ఊరుకోలేదు. "అట్ల! శబాష్ పాపా! ఈ పాప నిజంగా మేకే!" అని ఒక్కో అడుక్కీ ఒక్కో మెప్పు. ఎండలో కూర్చుని, అరచేతులు నారకు గీసుకుపోతుంటే, కనబడని అక్కకు పడే శబాష్‌లు వింటూ మోకు లాగేది నేను. నన్ను ఎవరు మెచ్చుకున్నారు? రోషం వచ్చింది. లాగడం మానేశాను. వదలలేదు, అది మాత్రం నిజం. ఊరికే లాగలేదు, అంతే. మోకు చెట్టుకు అవతల వదులుగా వేలాడుతూ ఉండిపోయింది.

అప్పుడు అక్క జారింది.

అరుపు ముందు వినబడింది. మోకు ఆ తర్వాత కదిలింది. ఆ రెంటి మధ్య ఉన్న ఖాళీ నేను చేసినది. అక్క ఆ ఖాళీ అంతా పడింది. మోకు నా చేతుల్లోంచి జర్రున పోయింది, అరచేతుల్లో నిప్పు పెట్టినట్టయింది. ఆ క్షణంలో నేనేమీ ఆలోచించలేదు. కాళ్లు మానుకు అదిమి, పళ్లు బిగించి పట్టాను. నిలిచింది. తాత పరుగున వచ్చి నాతో కలిసి లాగాడు. అక్క మోకాలూ మోచెయ్యీ చీరుకుపోయి పైకొచ్చింది. వచ్చీ రాగానే నన్ను కావిలించుకుని, "నువ్వు పట్టుకున్నావు కాబట్టి బతికినాను మే" అని ఏడ్చింది. నాకు మాట రాలేదు. నాకు!

అక్క నీళ్లు తాగుతుండగా నేను మోకు చుట్టుకుంటూ వెనక్కి తిరిగి చూశాను. దాని చివరి కొస నా వెనక ఇంకో చెట్టు మొదలుకు కట్టి ఉంది. నేను చేతులు పూర్తిగా వదిలేసినా అక్క నేలదాకా పడేది కాదు. తప్పు నాదే అయినా కోపం నాకే వచ్చింది. "నమ్మనప్పుడు నా చేతికెందుకిచ్చినావు తాతా?" అని పోట్లాటకు దిగాను.

"నమ్మినా గాబట్టే ఇచ్చినా. నమ్మితే మాత్రం కట్టకుండా ఉంటారా? నా బామ్మర్ది పట్టే మోకునే సెట్టుకు కట్టి దిగతా, నువ్వెంత!"

"వాళ్లక్క మొగుడివని ఆయన వదలడన్నావే!"

తాత నవ్వాడు. అక్కకు వినబడకుండా గొంతు తగ్గించాడు. "వానికీ నాకూ పడదు పాపా. కొండ దిగితే మాటల్లేవు మాకు. నేనంటే వానికి మంట. అయినా ఇంతవరకూ నేను పడలా." నా చేతిలోని మోకు అందుకుని, "వదులు మోకు అంత ఎందుకు మిగిలిందో నేనడగను. జారినంక మాత్రం పట్టినావు. ఈసారి ముందునుంచే పట్టు" అన్నాడు.

ఆ సాయంత్రం ప్రహరీలో నాకు జరిగిన మర్యాద అంతా ఇంతా కాదు. అవ్వ నా అరచేతులకు వెన్న రాసింది. పెదనాయన నన్ను ఎత్తుకుని తిప్పాడు. అన్నేళ్లు నేను కోరుకున్న మెప్పు అది, ఒక్కపూటలో కుప్పగా వచ్చిపడింది. ఒక్క ముద్ద కూడా మింగుడు పడలేదు. తాత ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఇది అచ్చయితే అక్క చదువుతుంది. చదవనీ.

అసూయ పడకూడదని నీతులు చెప్పేవాళ్లంటే నాకు గిట్టదు. పడకుండా ఎలా ఉంటారో ముందు వాళ్లు చూపించమనండి. నా అసూయ ఆ రోజుతో పోలేదు. అక్క ఉద్యోగానికీ పడ్డాను, అక్క కట్టిన మేడకూ పడ్డాను. తాత నాకు నేర్పింది దాన్ని పోగొట్టుకోవడం కాదు. ఒకరంటే మంటగా ఉన్నా వాళ్ల మోకు బిగువుగా పట్టవచ్చునని, మనసు మంచిదయ్యేదాకా చేతులు ఆగనక్కర్లేదని.

మొన్నామధ్య తిరుపతిలో అక్క మోకాలికి ఆపరేషన్ అయింది. బీమావాళ్లు ఏదో కాగితం సరిగా లేదని డబ్బు ఇచ్చేది లేదన్నారు. అక్కకు వాదించడం చేతకాదు. నేను పాలసీ పుస్తకం అక్షరం అక్షరం చదివి, పొద్దుటినుంచి మధ్యాహ్నందాకా ఆసుపత్రిలో బీమా కౌంటరు దగ్గర కూర్చుని పోట్లాడాను. అక్కకిచ్చిన గది కిటికీలోంచి కొండ కనబడేది. నా ఆపరేషనప్పుడు నాకు గోడ తప్ప ఏమీ కనబడలేదు. ఆ మాట అక్క ముఖం మీదే అన్నాను. అంటూనే కిందికి దిగి మళ్లీ కౌంటరు ముందు కూర్చున్నాను. వాళ్లు సంతకం పెట్టేదాకా లేవలేదు.