చచ్చిన టీవీలో వెలుగు

పొద్దున్నే లేచి చీపురు పట్టడం రాగమ్మకి కాపురానికొచ్చిన నాటి నుంచీ అలవాటు. మొదట వెనక గది ఊడ్చేది, తర్వాత వంటిల్లు, ఆ తర్వాత గుమ్మం. ఇప్పుడు చీపురు జోలికే పోవడం లేదు. బకెట్లో నీళ్లు పెట్టుకుని, పాత చీర ముక్క తడిపి, మోకాళ్ల మీద పాకుతూ గోడవారంతా తుడుస్తోంది. ఎన్నిసార్లు పిండినా నీళ్లు బూడిదరంగులోనే ఉంటున్నాయి. ఆ నీళ్లు ఎక్కడ పారబోయాలో తెలియక బకెట్ పట్టుకుని పెరట్లో కాసేపు అలాగే నిలబడుతుంది.

ఊడిస్తే దుమ్ము లేస్తుందని ఆసుపత్రిలో నర్సమ్మ చెప్పింది. "నువ్వు దుమ్మంటున్నావు గానీ అందులో ఉన్నది సీసం తల్లీ. నీ మనవరాలి ముక్కులోకి, నోట్లోకి పోతోంది."

రాగమ్మ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. పాత వైర్ల పైతోలు ఒలిచి రాగి తీసే మనిషి కాబట్టి రాగమ్మ అయింది. ఆమె మొగుణ్ణి సుత్తి మామ అనేవాళ్లు. రోజంతా కలిపి నాలుగు మాటలు మాట్లాడని మనిషికి సుత్తి అని పేరేమిటని ఆమె నవ్వుకునేది. ఆయన వెనక గదిలో కూర్చుని పాడైపోయిన టీవీలు, కంప్యూటర్లు సుత్తితో పగలగొట్టేవాడు. లోపలి పచ్చ అట్టల్ని ఆమె ఇనప పెనం మీద కాల్చేది. వేడికి టంకం కరిగి, దాంతో అతికించిన చిన్న చిన్న సామాను ఊడివచ్చేది. రాగి ఒకపక్క, ఇనుము ఒకపక్క, ప్లాస్టిక్కు ఒకపక్క. పొగ మాత్రం ఏ పక్కకీ పోయేది కాదు, ఇంట్లోనే ఉండేది.

కరిగిన టంకం నీళ్ల గిన్నెలో పడితే గుండ్రటి పూసల్లా గట్టిపడేది. ఆయన వాటికి చిల్లులు పొడిచి, తీగకి గుచ్చి, మనవరాలి మెడలో వేశాడు. తాత ముత్యాలు అని పిల్ల వీధంతా చూపించుకొచ్చింది. ఆ పూసల్ని చప్పరిస్తూ నిద్రపోయేది.

కిందటేడు ఆయన దగ్గి దగ్గి పోయాడు. బీడీలు తాగి ఉంటాడన్నారు. ఆయన జన్మలో బీడీ ముట్టలేదు.

పిల్ల నోరు మూతపడటం ఆ తర్వాతే మొదలైంది. ఒకప్పుడు "నాన్నమ్మా, అదేంటి, ఇదేంటి" అని చెవులు తినేసేది. రానురాను కడుపు పట్టుకుని మూల కూర్చోవడం, పిలిస్తే పలక్కపోవడం, నిన్నటిదాకా వచ్చిన మాట ఇవాళ రాకపోవడం. తాత మీద బెంగ అనుకున్నారు. చివరికి నర్సమ్మ రక్తం తీసి పరీక్షకి పంపించింది.

"రక్తంలో సీసం చాలా ఉంది. ఇల్లన్నా మారండి, ఆ పనన్నా మానండి. పిల్ల ఆ దుమ్ములోనే ఉంటే ఏ మందూ పనిచెయ్యదు" అంది.

ఇంటికి రాగానే రాగమ్మ పిల్ల మెడలోంచి టంకం పూసలు తీసేసింది. అవీ సీసమేనట. పారేద్దామంటే ఎక్కడ? కాలవలో వేస్తే ఇంకో పిల్ల ఏరుకుంటుంది. గుడ్డలో మూటకట్టి అటక మీద పెట్టింది.

సరుకు తెచ్చే మేస్త్రీ మర్నాడు ట్రాలీ ఆటోతో గుమ్మం ముందు ఆగాడు. రాగమ్మ ఎదురెళ్లింది.

"మేస్త్రీ, ఇక మా ఇంట్లో దించొద్దు. పిల్లకి బాగాలేదు."

"ఏ ఇంట్లో పిల్లకి బాగుంది రాగమ్మా ఈ రోజుల్లో? ముక్కు కారితే ఆవిరి పట్టు."

"సీసమట. నర్సమ్మ చెప్పింది."

"నర్సమ్మ నీకు పనిస్తుందేమో అడక్కపోయావా?" అని ట్రాలీ మీంచి టీవీ ఒకటి ఎత్తి లోపల పెట్టాడు. తర్వాత ఏదో జాలి చూపిస్తున్నవాడిలా గొంతు తగ్గించాడు. "అసలిది ఎవడి పనో తెలుసా నీకు? చట్టముంది. టీవీ చేసినవాడే, అది పాడయ్యాక వెనక్కి తీసుకుని, విషం బయటికి పోకుండా విప్పించాలి. కంపెనీ ఆ పని మా సారుకి అప్పగించింది. మా సారుకి ఊరవతల షెడ్డుంది. అద్దంలా ఉంటుంది లోపల! పొగ లాగే గొట్టాలు, చేతి తొడుగులు, మూతికి కట్టుకునేవీ. తనిఖీకి ఎవరన్నా వచ్చిన రోజు మిషన్లన్నీ గిర్రున తిరుగుతాయి."

"మరి మిగతా రోజుల్లో?"

"మిగతా రోజుల్లో నువ్వు తిరుగుతావు" అని నవ్వాడు.

రాగమ్మకి నవ్వు రాలేదు. "ఎవరికన్నా తెలిస్తే?"

"తెలిస్తే మా పేరెక్కడుంది? ఇల్లు నీది, పెనం నీది, సుత్తి నీది. కొంప మునిగితే నీ కొంపే. నోరు మూసుకుని పనిచేసుకో."

ఆ రోజు నుంచి వీధిలో ఏ బండి ఆగినా చేతిలో పని ఆగిపోయేది. పాలవాడు తలుపు కొట్టినా ఉలిక్కిపడేది. కొడుకు లారీ మీద ఊళ్లు తిరుగుతాడు, ఎప్పుడొస్తాడో వాడికే తెలియదు. ఇంట్లో ఉన్నది తను, కోడలు, పిల్ల.

"మానేద్దాం అత్తయ్యా" అనేది కోడలు.

"మానేస్తే ఏం తింటాం, గాలా?"

"ఇప్పుడు తింటున్నది మాత్రం ఏంటి? ఆ గాలేగా!" అని కోడలు విసురుగా అనేసి, తర్వాత తనే వచ్చి పక్కన కూర్చుని వైర్లు ఒలిచేది. పిల్లని ముందు గదిలో పెట్టి మధ్య తలుపు కింద గుడ్డలు కుక్కేవాళ్లు. దుమ్ముకి తలుపొక లెక్కా?

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం మేస్త్రీ మనుషులు పెద్ద పాత టీవీ ఒకటి దించిపోయారు. కోడలు కుళాయికి వెళ్లింది. పిల్ల ముందు గదిలో పడుకుంది. ఏ పెట్టె వచ్చినా మేస్త్రీ పెట్టిన నియమం ఒకటుంది. మొదట వెనకవైపు చీటీ గీకెయ్యాలి. కంపెనీ పేరు, నంబర్లు ఉండే చీటీ. కత్తి వేడిచేసి దాన్ని లేపి, పొయ్యిలో వేసి, ఆ తర్వాతే సుత్తి ఎత్తాలి. రాగమ్మ అలవాటు ప్రకారం టీవీని బోర్లా తిప్పి, కత్తి చేతిలోకి తీసుకుంది.

వెనక మూతకి గాలి కోసం ఉండే సన్నటి సందుల్లోంచి ఆకుపచ్చ చుక్క ఒకటి మెరిసింది. ఆరింది. మళ్లీ మెరిసింది.

ఆమె చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఆ టీవీకి కరెంటు తీగే లేదు, ఎవరో ఎప్పుడో కోసేసుకున్నారు. ఇన్నేళ్లలో ఈ ఇంట్లో ఎన్ని పగిలాయో, ఒక్కదానిలోనూ ప్రాణం కనిపించలేదు. శవం పక్కన కూర్చుంటే శవం కన్ను తెరిచినట్టయింది. కత్తి వదిలేసి, పరుగున వెళ్లి, నిద్రపోతున్న పిల్లని భుజాన వేసుకుని వీధిలోకి వచ్చేసింది.

బిందెతో ఎదురొచ్చిన కోడలు ఆగిపోయింది. "ఏమైంది అత్తయ్యా? ముఖం అలా పాలిపోయిందేంటి?"

"టీవీ బతికుంది."

"ఏంటీ?"

"లోపల ఏదో వెలుగుతోందే. బాంబేమో!"

కోడలు పెళ్లికి ముందు పార్సిల్ ఆఫీసులో పనిచేసిన పిల్ల. వద్దంటున్నా వినకుండా లోపలికెళ్లి, స్క్రూలు తిప్పి మూత ఎత్తింది. అగ్గిపెట్టెంత నల్ల డబ్బా ఒకటి లోపలి గోడకి అంటించి ఉంది. కోడలు దాన్ని వేలితో తట్టి, గుమ్మం దాకా వచ్చిన అత్త వైపు తిరిగింది.

"బాంబు కాదు. ఖరీదైన పార్సిళ్లలో ఇలాంటివి పెట్టేవాళ్లు. సరుకు ఎక్కడెక్కడికి పోతోందో ఎవరో దూరాన కూర్చుని ఫోన్లో చూసుకుంటారు."

"ఎక్కడికి పోతోందో అంటే?"

"ఇప్పుడు మనింట్లో ఉంది కదత్తయ్యా. అదే కనిపిస్తుంది వాళ్లకి."

బాంబైనా బాగుండునని రాగమ్మకి అనిపించింది. అది పేలి ఊరుకుంటుంది. ఇది చూస్తూ ఉంటుంది. ఎవరు పెట్టారో తెలియదు. ఎవరు చూస్తున్నారో, ఎప్పుడొస్తారో తెలియదు. ఇంటి గోడలన్నీ ఎవరో ఊడబీకి పట్టుకుపోయినట్టు, తను, ఆ మసిపట్టిన పెనం, పిల్ల నడివీధిలో ఉన్నట్టు ఒళ్లు ముడుచుకుంది.

మేస్త్రీకి ఫోన్ చేసింది. విషయం చెప్పింది. 

"చీటీ గీకావా?" అన్నాడతను వెంటనే.

"లేదింకా."

"గీకెయ్. ఇప్పుడే. ఆ డబ్బాని సుత్తితో చితక్కొట్టి నీళ్లలో పడెయ్. టీవీ ముక్కలు ముక్కలైపోవాలి."

"భయంగా ఉంది మేస్త్రీ. నువ్వే వచ్చి చెయ్యి."

"నేనా? నీకేమన్నా మతిపోయిందా! ఎవరు కాపు కాశారో ఏమో, ఆ వీధిలో కాలు పెడతానా?" గొంతు పెళుసుగా ఉంది. "సాయంత్రానికి అది టీవీలా ఉండకూడదు. ఉందా, జైలుకి పోయేది నువ్వే. గుర్తుపెట్టుకో."

ఫోన్ పెట్టేశాక గదిలో ఆ చుక్క మెరవడం తప్ప ఇంకేమీ కదల్లేదు.

"కొట్టేద్దాం అత్తయ్యా" అంది కోడలు, పిల్లని పక్క మీద పడుకోబెట్టి వచ్చి. "మనకెందుకొచ్చిన గొడవ."

రాగమ్మ కత్తి తీసి చీటీ అంచు కింద పెట్టింది. పెట్టి, ఆగింది. మేస్త్రీ మొదట అడిగింది డబ్బా గురించి కాదే, చీటీ గురించి.

"ఏం రాశారే దీని మీద?"

కోడలు వంగి చదివింది. కంపెనీ పేరు. ఏదో పొడుగాటి నంబరు. కింద చక్రాల చెత్తబుట్ట బొమ్మ, దాని మీద అడ్డంగా రెండు గీతలు.

"ఆ గీతలేంటి?"

"చెత్తలో పడెయ్యకూడదని. పాతదైతే మాకు చెప్పండి, మేం తీసుకెళ్తాం అని ఫోన్ నంబరు కూడా ఇచ్చారు."

"చెత్తలో పడెయ్యకూడదా?" రాగమ్మ గది చుట్టూ చూసింది. "మరి మనింట్లో పడేశారే."

ఆ బొమ్మని ఎన్నిసార్లు గీకి పొయ్యిలో వేసిందో! రాగి తీసినందుకే కూలి అనుకుంది ఇన్నాళ్లూ. చీటీ ఉన్నంతసేపు ఇది ఆ పేరుగలవాళ్ల టీవీ. గీకి పగలగొడితే, ఆమె ఇంట్లో ఆమె చేసిన దుమ్ము. అడగడానికి వాళ్ల పేరుండదు.

"డబ్బా పెట్టినవాళ్లొచ్చి మనల్నే పట్టుకుపోతే?" అంది కోడలు.

 సుత్తి మామ ఉంటే ఈపాటికి కొట్టేసేవాడు. ఖాకీ బట్ట కనిపిస్తే సందులోకి తప్పుకునే మనిషి. రాగమ్మ అంతకంటే పిరికిది.  సుత్తి చేతిలోకి తీసుకుంది.

ముందు గదిలో పిల్ల లేచింది. "నాన్నమ్మా" అంది. రాగమ్మ తలుపు తీసి చూసింది. పిల్ల గట్టు మీది గ్లాసు వైపు వేలు చూపిస్తోంది. "అది... నాన్నమ్మా, అది..." పెదాలు కదుపుతోంది, వెతుకుతోంది. నీళ్లు అన్న మాట దానికి దొరకడం లేదు.

రాగమ్మ సుత్తి కింద పెట్టింది. పిల్లకి నీళ్లు తాగించింది, మూతి తుడిచింది.

"దీన్ని తీసుకుని మీ అక్క ఇంటికి వెళ్లవే. నేను చెప్పేదాకా రావద్దు."

"మరి మీరు?"

"వచ్చినవాళ్లకి తలుపు తియ్యడానికి ఎవరో ఒకరుండాలిగా."

కోడలు ఏడుస్తూనే బట్టలు సర్దుకుంది. వీధి మలుపు దాకా పిల్ల వెనక్కి చూస్తూనే పోయింది.

పొద్దు వాలింది. రాగమ్మ గుమ్మంలో కూర్చుంది. ఒళ్లో ఫోన్ మోగుతోంది, ఆగుతోంది, మళ్లీ మోగుతోంది. మేస్త్రీ. వీధి మొదట్లో ఏదో బండి శబ్దమైంది. ముందు వచ్చేది అతనో, ఆ డబ్బా పెట్టినవాళ్లో. వాళ్లైతే ఏం చెప్పాలో మనసులో కూడబలుక్కుంది, సగంలోనే మర్చిపోయింది.

వెనక గదిలో పెనం వెలిగించలేదు. టీవీ ఒక్క సొట్ట కూడా లేకుండా బోర్లా పడుంది. చీటీ చీటీలాగే ఉంది. ఆమె లేవలేదు.